కాలిన బ్రేకుల వాసన

మార్చి 9, శనివారం. డా నాంగ్, వియత్నాం.

ఈ పుస్తకం స్నిగ్ధ కొనిచ్చింది. హైదరాబాద్‌లో విమానం కోసం కూర్చున్నప్పుడు చేతిలో పెట్టి, "రోజుకు రెండు ముక్కలు రాయి బాపూ. నేను సూడ" అన్నది. చూడదు. నా బిడ్డ మాటంటే మాటే. ఎవరూ చదవని పుస్తకంలో ఏం రాయాలో మాత్రం తెలియడం లేదు. ఇరవై ఎనిమిదేళ్లు టూరిస్టు బస్సు నడుపుతూ ట్రిప్పు పుస్తకం రాశాను. బయలుదేరిన టైము, చేరిన టైము, మధ్యలో ఆగిన ఊళ్లు. అంతకుమించి రాత అలవాటు లేదు.

మేముండేది హాస్టల్. ఒక గదిలో ఎనిమిది మంచాలు, రైలు బెర్తుల్లా కింద నాలుగు, పైన నాలుగు. నాకు కిందది దొరికింది. మిగతావాళ్లంతా ఇరవై, పాతికేళ్ల వాళ్లు. అందరి సంచులూ వీపు మీదే. నాక్కూడా స్నిగ్ధ అలాంటిదే కొన్నది. దాన్ని తగిలించుకుని నడుస్తుంటే గ్యాస్ సిలిండర్ మోస్తున్నట్టుంది. భీమయ్య చూస్తే పడీ పడీ నవ్వేవాడు. మా బస్సులో వంటమాస్టరు అతను. హాలియా మనిషి. పంతొమ్మిదేళ్లు నా పక్కన కూర్చుని ప్రయాణం చేశాడు.

స్నిగ్ధ ఒక్కతే రావాలనుకుంది, పది రోజులు. లీలమ్మ ఒప్పుకోలేదు. "పిల్ల ఒక్కతే పోవుడేంది, నువ్వన్న ఎంబడి పో. ఇంట్ల కూసొని జేసేదేమున్నది" అన్నది. నిజమే. రెండేళ్ల నాలుగు నెలలుగా నల్లగొండలో ఇంట్లోనే ఉంటున్నాను. మోకాళ్ల నొప్పుల వల్ల బస్సు మానేశాను.

మార్చి 10, ఆదివారం.

రేపు టూరు బస్సులో హుయే అనే ఊరికి పోతున్నాం. పాత రాజుల ఊరట. పొద్దున పోయి సాయంత్రానికి రావడం. "బస్సుల కూసుంటె మోకాలు నొయ్యదా" అని అడిగింది స్నిగ్ధ. నొప్పి లేదన్నాను. నాకు బస్సుల మీద ఇప్పుడు ధ్యాసే లేదు.

మార్చి 12, మంగళవారం, పొద్దున.

నిన్న రాయలేకపోయాను. స్నిగ్ధ సముద్రం ఒడ్డుకు నడవడానికి పోయింది, నన్ను రమ్మనలేదు. హాస్టల్ వంటగదిలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున ఏడింటికి బస్సు వచ్చింది. ఇరవై తొమ్మిది సీట్లది. హాస్టల్ హాస్టల్‌కూ తిరిగి జనాన్ని ఎక్కించుకుంటోంది. మాకూ అట్లాగే ఉండేది. హాలియాలో వంట సామాను ఎక్కించుకుని, తెల్లవారకముందే ఊళ్లలోకి పోయి ఇంటింటి ముందు హారన్ కొట్టేవాణ్ని. ఒకామె తల దువ్వుకుంటూ వచ్చేది. ఒకామె బియ్యం మూట మరిచిపోయి మళ్లీ లోపలికి ఉరికేది. ముసలవ్వలు ముందు రోజే వచ్చి నా వెనక సీట్లకు చీరకొంగు ముక్కలు కట్టి పోయేవాళ్లు, అవి వాళ్లవని గుర్తు. వాటిని ఎవరైనా విప్పితే యుద్ధమే. ఇక్కడ ఎవరూ సీటు కోసం కొట్లాడలేదు. నాకు కొంచెం వెలితిగా అనిపించింది.

మూడో వరసలో కూర్చున్నాం, స్నిగ్ధ కిటికీ పక్క, నేను నడవ పక్క. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు, తలుపు కుడివైపు. డ్రైవర్‌ది నా వయసే. పేరు హుంగ్ అని గైడు చెప్పింది. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ చొక్కా. గేరు మార్చేటప్పుడు చెయ్యి తొందరపడటం లేదు. మంచి చెయ్యి. నాకు ధ్యాస లేదని మొన్న రాశాను. ఏదో చూశానంతే.

గైడు పేరు లాన్. సన్నగా, చలాకీగా ఉన్నది. మైకు తీసుకుని అందరినీ పేరు, దేశం, చేసే పని చెప్పమన్నది. నా వంతు వచ్చేసరికి స్నిగ్ధ మైకు తీసుకుని ఇంగ్లీషులో చెప్పింది. మా నాయన పేరు పరమేశ్వర్, బస్సు డ్రైవర్. రెండేళ్ల క్రితం కొండ దిగుతుంటే బ్రేకులు ఫెయిలైతే, బస్సును లోయలో పడనీయకుండా కొండకు గుద్ది నలభై రెండు మందిని బతికించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు సీటులోని జర్మనీ ముసలాయన వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. లాన్ ఆ మాటను వాళ్ల భాషలో డ్రైవర్‌కు చెప్పింది. హుంగ్ అద్దంలో నన్ను చూశాడు. నేను కిటికీ బయటికి చూశాను.

ఈ కథ స్నిగ్ధ ఎక్కడికి పోయినా చెప్తుంది. ఆ బస్సులో ఉన్న రామన్నపేట వాళ్లు నాకు శాలువా కప్పిన ఫొటో దాని ఫోనులో ఉంది.

ఊరు దాటగానే ఘాట్ మొదలైంది. హై వాన్ అంటారట దాన్ని. కుడిపక్కన కింద సముద్రం. బస్సు మూడో గేరులో ఎక్కుతోంది. లాన్ పాట అందుకుంది, కొందరు గొంతు కలిపారు. మా బస్సులో భజనలు ఇట్లాంటి ఎక్కుడులోనే మొదలయ్యేవి. బస్సు కష్టపడుతుంటే జనం కూడా దేవుణ్ని గట్టిగా పిలిచేవాళ్లు. భీమయ్య తలుపు దగ్గరి చిన్న సీటులో వెల్లుల్లి ఒలుస్తూ, పాటకు తప్పుగా తాళం వేసేవాడు. ఒకసారి కొల్లాపూర్ దాటి సోమశిల దగ్గర, కృష్ణ ఒడ్డున తెల్లవారుజామున ఆపాం. నీళ్ల మీద పొగమంచు, మూడు రాళ్ల పొయ్యి మీద ఉప్మా. పల్లీల చట్నీ కలుపుతూ, "అన్నా, వీళ్లు దేవుని కాడికి పోతుండ్రు. నడిమిట్ల ఆకలైతే దేవుడు గుర్తుకు రాడు. అందుకని ముందుగాల నా కాడికి రావాలె" అన్నాడు భీమయ్య. ఆ ఉప్మా రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు నాకు.

ఎన్ని గుళ్లకు పోయినా నేను లోపలికి పోయింది తక్కువ. జనం దర్శనానికి పోతే, నేను బస్సు నీడలో చాప వేసుకుని పడుకునేవాణ్ని. రాత్రంతా నడిపినవాడికి నిద్రే దర్శనం. రామేశ్వరం ఆరుసార్లు పోయాను. ఎట్లా ఉంటుందని లీలమ్మ అడిగితే, పార్కింగ్ జాగా బాగుంటుందని చెప్పాను.

ఘాట్ పైన పాత కోట తలుపులున్నాయి. అందరూ దిగి ఫొటోలు దిగారు. ఇద్దరు పిల్లలు ఎటో పోయి అరగంట ఆలస్యంగా వచ్చారు. లాన్ గడియారం చూసుకుంటూ డ్రైవర్‌తో ఏదో అన్నది. హుయేలో భోజనం టైము, రాజకోట టైము తప్పిపోతాయని మాకూ చెప్పింది.

దిగుడు మొదలైంది. హుంగ్ తొందరలో ఉన్నాడు. ఎక్కిన గేరులో దిగాలి. ఇతను ఒక గేరు పైన పెట్టి, కాలు బ్రేకు మీద ఉంచి దిగుతున్నాడు. ప్రతి మలుపులోనూ నా కుడికాలు ముందు సీటు కింది ఇనప కడ్డీని తొక్కుతోంది. స్నిగ్ధ నా మోకాలు మీద చెయ్యి వేసి, "నొస్తుందా?" అన్నది. లేదన్నాను.

నాలుగో మలుపో, అయిదోదో. వాసన వచ్చింది.

కాలిన బ్రేకు లైనర్ వాసన. గుడ్డ కాలినట్టు ఉంటుంది గాని గుడ్డ కాదు. ఒక్కసారి పీలిస్తే జన్మంతా గుర్తుంటుంది. చుట్టూ చూశాను. ఒకతను చిప్స్ తింటున్నాడు. ఒకామె ముక్కు ఎగబీల్చి కిటికీ మూసింది, బయట ఎవరో చెత్త కాలుస్తున్నారనుకుని ఉంటుంది. హుంగ్ బ్రేకును రెండుసార్లు వెంటవెంటనే తొక్కాడు. ఆ వెంటవెంటనే తొక్కడం ఏమిటో నాకు తెలుసు. పెడల్ కిందికి దిగిపోతోంది.

లేచాను. సీట్లు పట్టుకుంటూ ముందుకు పోయాను. లాన్ చెయ్యి అడ్డం పెట్టి కూర్చోమన్నది. "ఆపు. బండి ఆపు" అన్నాను తెలుగులోనే. ఆ కంగారులో ఇంకే భాష వస్తుంది నాకు. హుంగ్ రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పకుండా తల అడ్డంగా ఊపాడు. నేను అతని పక్కకు వంగి, నా ముక్కు చూపించాను. అరచేతిని పెడల్ లాగా కిందికి నొక్కి, అది పైకి రావడం లేదని చూపించాను. గేరు రాడ్ వైపు వేలు పెట్టి, కిందికి, కిందికి అన్నాను.

అప్పుడు అతను అద్దంలో నన్ను చూశాడు. ఒక్క క్షణమే. అతనికీ తెలుసు. ఆ చూపు నాకు అర్థమైంది.

మూడు, తర్వాత రెండు. ఇంజను అరిచింది, బస్సు ముందుకు తూగి వేగం తగ్గింది. తర్వాతి మలుపు దాటగానే కొండవైపు మట్టి జాగా ఉంది. అందులోకి దించి చేతి బ్రేకు గుంజాడు. బస్సు నిలిచింది. వెనక చక్రాల నుంచి తెల్లగా పొగ.

నేను దిగి రాళ్లు వెతికి ముందు చక్రాలకు అడ్డం పెట్టాను. హుంగ్ నీళ్ల డబ్బా తెచ్చాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. కాలిన బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగులుతుంది. అతనికి తెలియక కాదు, కంగారులో ఉన్నాడు. డబ్బా కింద పెట్టి నా భుజం మీద చెయ్యి వేశాడు.

చల్లారడానికి గంట పడుతుందని లాన్ అందరికీ చెప్పింది. జనం సణుక్కున్నారు. జర్మనీ ముసలాయన మాత్రం పొగను చూసి తన భార్యతో ఏదో మెల్లగా అన్నాడు, ఆమె ముఖం పాలిపోయింది.

రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద నేను, హుంగ్ కూర్చున్నాం. కింద చాలా లోతున సముద్రపు పాయ. అతను ఫ్లాస్కులోంచి పచ్చని చాయ్ పోసిచ్చాడు. లాన్, స్నిగ్ధ మా ముందు నిలబడ్డారు. హుంగ్ ఏదో అడిగాడు. లాన్ ఇంగ్లీషులో అన్నది, స్నిగ్ధ నాకు చెప్పింది. "అందరికంటె ముందు నీకెట్ల తెలిసిందని అడుగుతుండు బాపూ."

నేను చెప్పేలోపే స్నిగ్ధ, మా నాయన అప్పుడు కూడా ఇట్లాగే అని, నలభై రెండు మంది కథ మళ్లీ మొదలుపెట్టింది.

"అది కాదు బిడ్డా. నేను చెప్పేది చెప్పు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి ముఖంలో కంగారు ఇంకా పోకపోవడం వల్ల కావచ్చు. మళ్లీ జన్మలో కనిపించడు కాబట్టి కావచ్చు.

ఒక్కో మాటా చెప్పాను. స్నిగ్ధ ఇంగ్లీషులో చెప్పింది, లాన్ వాళ్ల భాషలో చెప్పింది.

"కార్తీక మాసం. రామన్నపేట వాళ్లను శ్రీశైలం తీస్కపోతున్న. ఈగలపెంట దాటినంక డ్యాం దాక దిగుడు. మలుపులు."

స్నిగ్ధ చెప్పింది.

"రెండో మలుపుల నాకు వాసనొచ్చింది."

స్నిగ్ధ ఆగింది. "ఏం వాసన?"

"గిదే వాసన. బండి ఆపనీకె పక్కన జాగ గూడ ఉన్నది. ఆపితే గంట పోతది. ఆరింటికి వాళ్లకు పూజ టైము. పరమేశ్ బస్సు ఎన్నడు లేటు గాదని నాకు పేరు. ఇంక నాలుగు మలుపులే గదా అనుకున్న."

"బాపూ, ఇది చెప్పాల్నా?"

"చెప్పు బిడ్డా."

చెప్పింది. నేను సముద్రం వైపే చూస్తూ మాట్లాడాను.

"మూడు మలుపుల దాక బ్రేకు పట్టింది. నాలుగోదాంట్ల పెడల్ ఖాళీగ పోయింది. కొండకు గుద్దిన. గుద్దకుంటె లోయల వడ్తం, ఎవ్వడైన గుద్దుతడు. అందరు బతికిండ్రు. ఎడమపక్క తలుపు కాడ మా వంటాయన భీమయ్య కూసున్నడు. ఆయన ఎడమ కాలు నలిగింది. దవాఖానల తీసేసిండ్రు. పావుగంట ముందుగాల ఆపితే ఎవ్వలకేం కాకపోవు. గదీ సంగతి."

స్నిగ్ధ చివరి మాటలు చాలాసేపటికి గాని ఇంగ్లీషులో చెప్పలేకపోయింది. లాన్ అంతకంటే నెమ్మదిగా చెప్పింది. హుంగ్ చాయ్ కప్పును రెండు చేతుల్లో పట్టుకుని విన్నాడు. తర్వాత చిన్నగా మాట్లాడాడు.

ఆయనకు కూడా పైనుంచే వాసన వచ్చిందట. కింది దాకా బ్రేకులు పట్టుతాయనుకున్నాడట. నువ్వు లేవకపోతే ఆపేవాణ్ని కాదు అన్నాడట. అంతవరకు స్నిగ్ధ చెప్పింది.

హుంగ్ ఇంకో మాట అడిగాడు. లాన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. స్నిగ్ధ దాన్ని తెలుగులోకి తేలేదు. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసు. ఈ సంగతి చెప్తే నీ దోస్తు ఏమన్నాడు, అని అడిగాడు.

చెప్పనే లేదని తల అడ్డంగా ఊపాను. దానికి తర్జుమా అక్కరలేకపోయింది.

బస్సు బయలుదేరింది. రెండో గేరులోనే కింది దాకా దిగాడు. స్నిగ్ధ ఖాళీ సీటు చూసుకుని వెనక కూర్చుంది.

హుయేలో రాజకోట దగ్గర అందరూ దిగారు. నేను బస్సులోనే ఉంటానని సైగ చేశాను, ఇంతకాలపు అలవాటు అది. హుంగ్ సీటు వెనక్కి వాల్చుకుని పడుకోబోతూ నన్ను చూశాడు. లేచి వచ్చి నా చెయ్యి పట్టి మెట్ల దాకా తెచ్చి, గేటు వైపు చూపించాడు. పో, చూడు అన్నట్టు.

పోయాను. పెద్ద పెద్ద ఆవరణలు, ఎర్రటి స్తంభాలు, మధ్యలో కూలిపోయిన చోట గడ్డి. ఒక చోట తొమ్మిది కంచు గుండిగలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోటి మనిషి ఎత్తు. ఒక్కోటి ఒక్కో రాజు పేరట. భీమయ్య ఉంటే వాటి చుట్టూ తిరిగి, అడుగు మందం చూసి, ఎన్ని కిలోల బియ్యం పడుతుందో చెప్పేవాడు. వాటి దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. స్నిగ్ధ దూరంగా నీడలో కూర్చుని నన్ను చూస్తోంది. నేను చూడగానే ఫోనులోకి తల దించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఘాట్ ఎక్కలేదు. కొండ కింద సొరంగం ఉంది, అందులోంచి వచ్చాం. పది నిమిషాలు కూడా పట్టలేదు. హాస్టల్ ముందు దిగేటప్పుడు హుంగ్ సీటులోంచి లేచి నిలబడి, తల వంచాడు. నేనూ వంచాను.

అదే రోజు, సాయంత్రం.

స్నిగ్ధ వచ్చింది. తినడానికి ఏదో నూడుల్స్ తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నా నోటితోటి చెప్పించినవ్ బాపూ" అన్నది.

నూడుల్స్ గిన్నెను పక్కకు జరిపాను.

"మా ఆఫీసుల అందరికి చెప్పిన. ఇంటర్వ్యూల గూడ చెప్పిన, నీకు ఆదర్శం ఎవ్వరంటె. శాలువ ఫొటో చూపెట్టిన."

"తప్పే బిడ్డా."

"మోకాళ్ల నొప్పి గూడ అబద్ధమే గదా?"

"స్టీరింగ్ ముందు కూసుంటె కాలు మొద్దువారుతుంది. నొప్పి కాదు."

నూడుల్స్ చల్లారిపోయాయి. అప్పుడు అడిగింది. "నెలనెల హాలియాకు బత్తాయిలు తీస్కపోతవ్ గదా. భీమయ్య మామ ఏమంటడు?"

"దండం పెడ్తడు."

స్నిగ్ధ ముఖం తిప్పుకుంది. "ఇగ పెట్టనియ్యకు" అన్నది.

మార్చి 13, బుధవారం.

వాన. ఎక్కడికీ పోలేదు. పైబెర్తు అమ్మాయి పెళ్లి ఫొటోలు చూపించింది. స్నిగ్ధ నాతో మామూలుగా మాట్లాడింది, కొంచెం ఎక్కువ మర్యాదగా.

మార్చి 17, ఆదివారం. నల్లగొండ.

ఇంటికి వచ్చాం. ఎట్లుంది వియత్నాం అని లీలమ్మ అడిగింది. గుండిగల గురించి చెప్పాను. రెండు నిమిషాలకు పైగా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయి, "పార్కింగ్ గురించి చెప్తవనుకున్న" అన్నది.

స్నిగ్ధ హైదరాబాద్ బస్సెక్కేముందు ఒకటే అడిగింది. "ఎప్పుడు పోతవ్?"

మంగళవారం అన్నాను.

మార్చి 19, మంగళవారం.

పోయాను.

ఆర్టీసీ బస్సులో హాలియా దిగి, కాలువ గట్టు మీదుగా నడిచాను. కాలువలో ఈసారి నీళ్లు లేవు, పొలాలు బీడుగా ఉన్నాయి. భీమయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చంకకర్ర అందుకుని లేవబోయాడు. ఎప్పటిలాగే రెండు చేతులూ జోడించాడు. "రా అన్నా. నా పానం పోసిన దేవుడు వచ్చిండు. నాగులమ్మా, నీళ్లు తే" అన్నాడు.

ఇదివరకు ప్రతిసారీ ఆ చేతులను కిందికి దించి, ఊరుకోరా అనేవాణ్ని. అదేదో నా మంచితనం అయినట్టు.

"దండం పెట్టకు భీమయ్యా. ఒక మాట చెప్పాలె" అన్నాను.

నిలబడే చెప్పాను. వాసన వచ్చిన సంగతి, పక్కన జాగా ఉన్న సంగతి, ఆపని సంగతి. దారంతా కట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. నాలుగు ముక్కల్లో అయిపోయింది. నాగులమ్మ చెంబుతో గడపలో నిలబడిపోయింది.

భీమయ్య చాలాసేపు నేలను చూశాడు.

"కాలు సంగతి ఇడిసిపెట్టు" అన్నాడు చివరికి. "డ్రైవర్ అన్నంక ఎన్నడో ఒకనాడు గట్లయితది. నేను ఏండ్లకేండ్లు బస్సుల తిరిగిన, నాకెరుక లేదా. గని రెండేండ్ల సంది నీకు దండం పెడ్తున్న గదా. నా పెండ్లాం సోమారం సోమారం నీ పేరు మీద దీపం పెట్టె. నువ్వు వచ్చి గా మంచం మీద కూసొని అన్నీ తీసుకుంటివి. అదెట్ల తీసుకున్నవ్ అన్నా?"

బత్తాయిల సంచి ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఇయ్యాల పో అన్నా" అన్నది నాగులమ్మ. కోపంగా అనలేదు. చెంబు నా చేతికి ఇవ్వకుండానే లోపలికి పోయింది.

బత్తాయిల సంచి మంచం కోడు దగ్గర పెట్టాను. గట్టు దాకా వచ్చాక వెనక్కి చూస్తే భీమయ్య ఇంకా నేలనే చూస్తున్నాడు.

మార్చి 20, బుధవారం.

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 23, శనివారం.

ఏమీ లేదు.

మార్చి 24, ఆదివారం.

లీలమ్మకు చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేతులు ఆపకుండా విన్నది. అంతా అయ్యాక, "రెండేండ్ల సంది నిద్రల కుడికాలు తొక్కుతనే ఉన్నవ్. మంచం పట్టె ఇరిగేటట్టు. మోకాళ్ల నొప్పి అంటివి, సరే అన్న" అన్నది.

"మరి అడగకపోతివి."

"నువ్వు చెప్తవని."

మళ్లీ బియ్యం ఏరుకుంది. తర్వాత ఎప్పుడో, వంటింట్లోంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, భీమయ్య ఏమన్నాడని అడిగింది. చెప్పాను. "న్యాయమే అన్నడు" అన్నది.

మార్చి 28, గురువారం.

పొద్దున నాగులమ్మ ఫోను చేసింది. "ఆయన నిన్ను రమ్మంటుండు అన్నా" అన్నది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. చొక్కా మార్చుకుని బస్సెక్కాను.

భీమయ్య అదే మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. కూర్చున్నాను.

"మల్ల చెప్పు. మొదటి సంది చెప్పు. ఏ మలుపుల వచ్చింది వాసన?" అన్నాడు.

చెప్పాను. ఈసారి తొందరపడలేదు. ఏ మలుపు, ఏ చెట్టు, ఏ మైలురాయి. బస్సులో అప్పుడు ఏ భజన పాడుతున్నారో కూడా చెప్పాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. పాట పేరు చెప్పగానే తల ఊపాడు.

"అప్పుడు నేనేం జేస్తున్న?" అని అడిగాడు.

"ఎల్లిపాయలు ఒలుస్తున్నవ్."

"నీ పక్కనే ఉన్న గదా."

"పక్కనే ఉన్నవ్."

"మరి నాకెందుకు చెప్పలేదు అన్నా? భీమయ్యా, వాసనొస్తుంది, ఏం జేద్దాం అని ఒక్క మాట అంటె ఏమయితుండె? ఆపుమందును. నేనే దిగి రాళ్లు పెడుదును. పూజ టైము పోతె పోయిందని జనానికి నేను సర్ది చెప్పకపోదునా. గన్నేండ్లు నా పని గదే కాదా."

అవును. ఎక్కడ బండి ఆగినా, జనం సణిగినా, వాళ్లను నవ్వించి కూర్చోబెట్టింది ఎప్పుడూ అతనే. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను. దవాఖానలో అతని కాలు తీసేసిన రోజు కూడా అందరి ముందు ఏడవలేదు నేను.

భీమయ్య నా ఏడుపు అయ్యేదాకా ఊరుకున్నాడు. ఓదార్చలేదు. కాలువ అవతల ఎవరో గొర్రెలను అదిలిస్తున్నారు.

"ఇన్ని దినాలు రాత్రిపూట పండుకొని ఆలోచన జేసిన. నీ మీద కోపం పోతదా అంటె పోతలేదు. అట్లని నువ్వు రాకుంటె గూడ మంచిగనిపిస్తలేదు. ఏం జెయ్యాల్నో నాకైతె తెల్వలే" అన్నాడు.

"ఎన్నడు రమ్మంటె అన్నడు వస్త" అన్నాను.

"రమ్మనేదేంది. వచ్చేటోనివి రా. గని ఇగ నేను దండం పెట్ట. దేవుడనేది గూడ బంద్."

"బంద్" అన్నాను.

"గా బత్తాయిలు గూడ తేకు. కోమటాయన కొట్టుల దొరుకుతయ్."

నాగులమ్మ లోపలి నుంచి రెండు పళ్లేలు తెచ్చింది. అన్నం, మామిడికాయ పప్పు. ఒకటి భీమయ్యకు ఇచ్చి, రెండోది నా ముందు స్టూలు మీద పెట్టింది. నా ముఖం చూడలేదు గాని, నెయ్యి గిన్నె మాత్రం నావైపే జరిపింది.

ఇద్దరం తినడం మొదలుపెట్టాం.

"పప్పుల ఉప్పు తక్కువున్నది" అన్నాను.

భీమయ్య నన్ను ఒకసారి చూశాడు.

"నేను వండలే" అన్నాడు. "అడిగి ఏయించుకో."